రేవు బండ

"అక్కా, ఒక చిన్న పని. మున్సిపాలిటీల చెరువు రిపోర్టు ఉన్నదంట. దానికి తెలుగుల సారాంశం కావాలె. మీరైతే వారంల చేసిస్తరని చెప్పిన" అని నాతో కలిసి పాఠాలు చెప్పిన ఒకావిడ ఫోన్ చేసింది. రిటైరైనవాళ్ళకు తీరిక ఉంటుందని అందరికీ ఒక నమ్మకం. సరేనన్నాను. కన్సల్టెంట్లు తయారుచేసిన డీపీఆర్, అంటే డిటెయిల్డ్ ప్రాజెక్టు రిపోర్టు, మర్నాడే మెయిల్లో వచ్చింది. చెరువును బాగుచేసి పార్కు చేస్తారట.

మొదటి పదిహేను పేజీలు హాయిగా సాగాయి. పదహారో పేజీలో కాలుష్య కారణాల పట్టిక ఉంది. అందులో మొదటి వరస 'వాషింగ్ యాక్టివిటీ'. దాని ఎదురుగా 'తక్షణం నిలిపివేయవలెను' అని, ఖర్చు గడిలో సున్నా. మురుగు కాలవలను మళ్ళించడం ఆ పట్టికలోనే అయిదో వరసలో, మూడో దశ పనుల్లో, నిధుల లభ్యతను బట్టి.

ఆ రోజు ఇంకో వాక్యం అనువదించలేకపోయాను. ఆ వాషింగ్ యాక్టివిటీ మా అమ్మ.

ఊరి పేరు రాయను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ - 2016 అక్టోబర్ 11న మూడూ ఒకేరోజు జిల్లా కేంద్రాలయ్యాయి. మా ఊరు ఆ మూడింటిలో ఒకటి. అందరికీ తెలిసిన నాగర్‌కర్నూల్ కేసరి సముద్రం గానీ, వనపర్తి నల్లచెరువు గానీ మా చెరువు కాదు. వాటి పక్కన పెడితే కుంటలాంటిది. ఈ ప్రాంతంలో చెరువుకు సముద్రమని పేరు పెట్టుకోవడం పాత అలవాటు. వనపర్తి సంస్థానపు సప్త సముద్రాల గురించి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. శ్రీరంగాపురం గుడి పక్కన రంగసముద్రం, కానాయపల్లి దగ్గర శంకరసముద్రం ఇవాళ భీమా ఎత్తిపోతల రిజర్వాయర్లు కూడా. వాన మీద బతికే నేల కనక నీళ్ళు కాస్త నిలిచినచోటును సముద్రమనుకోవడంలో వింత లేదు. మా చెరువుకు మాత్రం అలాంటి పేరేమీ లేదు.

మా రేవు కట్టకు పడమటి వైపు, తూముకు కొంచెం ఎగువన. అక్కడ పదిహేడు బండలు. ఒక్కో బండ ఒక్కో ఇంటిది. పట్టా లేదు, కాగితం లేదు, కానీ ఎవరి బండ ఎవరిదో చిన్నపిల్లకు కూడా తెలుసు. అత్త నుంచి కోడలికి వస్తుంది. ఆలోచిస్తే, మా ఇళ్ళల్లో ఆడదాని నుంచి ఆడదానికి వచ్చిన ఆస్తి అదొక్కటే. మా అమ్మ బండ మధ్యలో గుంటపడి నున్నగా ఉండేది. నానమ్మ, వాళ్ళత్త, ఆమె అత్త - అందరి చేతుల దెబ్బలకూ అరిగిన గుంట. బడి లేని రోజుల్లో నేను పొయ్యి దగ్గర కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. పెద్ద బానలో చవుడు కలిపిన నీళ్ళలో బట్టలు ఉడికేవి. ఆ ఆవిరి వాసన నా జడకు, పుస్తకాలకు పట్టేది. బళ్ళో నా పక్కన కూర్చునే అమ్మాయి ముక్కు మూసుకున్న రోజు నుంచీ రేవుకు పోవడం మానేశాను. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. పాఠం చెప్పిన ఏళ్ళలో కూడా చాలామందికి చెప్పలేదు. ఇది ఇప్పుడు రాయడం సులభం, రిటైరయ్యాను కాబట్టి.

అమ్మకు అక్షరాలు రావు. బట్ట అంచున నల్లజీడి రసంతో పెట్టిన గుర్తు మాత్రం చదివేది. రెండు చుక్కలంటే కరణమోళ్ళు, గీతా చుక్కా అంటే బజార్ల సేటు. ఊరంతా ఆమె వేళ్ళ మీద ఉండేది. ఏ ఇంట్లో పురుడొచ్చిందో, ఏ ఇంట్లో కోడలు ముట్టు తప్పిందో, ఏ కొత్త పెళ్ళికూతురి చీర మీద నెత్తురు ఎందుకుందో ఆమెకు తెలుసు. చెరువు కూడా అలాగే తెలుసు. నీళ్ళు ఏ నెలలో ఏ రంగులో ఉంటాయి, అలుగు పారిన ఏడు తేట ఎన్ని రోజులుంటుంది, అడుగున ఒండు మోకాలి లోతుందా నడుము లోతుందా. కన్సల్టెంట్లు పడవకు ఎకో సౌండర్ కట్టి మూడు రోజులు తిరిగి పూడిక మందాన్ని రంగుల మ్యాపులో వేశారు. ఆ మ్యాపు చూస్తే ముచ్చటేసింది. ఎర్రగా చూపించిన చోటల్లా, 'అటు పోకు, దిగబడ్తవ్' అని అమ్మ నన్ను కసిరిన చోటే.

ఆ రిపోర్టు చెత్త కాదు, అది కూడా చెప్పాలి. అడుగు బురద గురించి రాసిన భాగం నాకు కొత్త చదువు. ఏళ్ళ తరబడి మురుగు చేరిన చెరువులో బురద భాస్వరాన్ని దాచుకుంటుందట. నీటి అడుగున ప్రాణవాయువు తగ్గిపోగానే ఆ భాస్వరం మళ్ళీ పైకొచ్చి నాచునూ గుర్రపుడెక్కనూ మేపుతుంది. అంటే మోరి మూసిన మర్నాడే చెరువు బాగుపడదు. మోరి మూయకుండా ఫౌంటెన్లు పెడితే అసలే బాగుపడదు. ఇంత తెలిసి రాసినవాళ్ళు మోరిని అయిదో వరసలోకి ఎందుకు తోశారన్నదే నాకు అంతుపట్టలేదు.

అప్పుడు అసలు వీళ్ళను ఎలా పెట్టుకుంటారో తెలుసుకోవాలనిపించింది. మున్సిపాలిటీ ముందు ఆసక్తి ఉన్నవాళ్ళు రమ్మని ప్రకటన ఇస్తుంది. వచ్చినవాళ్ళలో అర్హతలున్నవారికి టీఓఆర్ అనే కాగితం ఇస్తుంది, ఏ పని చేయాలి, ఏ పని అక్కర్లేదు అన్నది అందులోనే ఉంటుంది. తర్వాత మార్కులు. చాలా చోట్ల 80 మార్కులు సాంకేతిక ప్రతిపాదనకు, 20 అడిగిన ఫీజుకు. సాంకేతికమంటే ఇదివరకు ఎన్ని చెరువులు చేశారు, మీ దగ్గర ఎంతమంది ఇంజనీర్లు, ఎంతమంది లాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులు అని. చెరువు మీద ఆధారపడి బతికేవాళ్ళతో మాట్లాడటం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నదానికి మార్కుల్లేవు. ఫీజును చాలాసార్లు పని మొత్తం విలువలో ఇంత శాతమని కట్టిస్తారు. కాబట్టి రెయిలింగు పొడుగైతే ఫీజు పెరుగుతుంది, చెరువును కాస్త వదిలేయమని సలహా ఇస్తే తగ్గుతుంది. ఇందులో ఎవరినీ దొంగలనక్కర్లేదు, లెక్కే అలా ఉంది.

మా ఊరి టీఓఆర్ చూపించమంటే ఆ ఇంజనీరు, మంచివాడే, నవ్వుతూ ఇచ్చాడు. వాకింగ్ ట్రాక్, రెయిలింగ్, లైట్లు, బోటింగ్, పిల్లల ఆటస్థలం, ఊరి పేరుతో 'ఐ లవ్' అక్షరాలు, సెల్ఫీ పాయింట్. ఎనిమిదో పేజీలో మా ఊరి పేరుకు బదులు వేరే ఊరి పేరుంది. ఇంకెక్కడిదో తెచ్చి దించుకున్నారు, ఒకచోట మార్చడం మర్చిపోయారు. చాకిరేవు అన్న మాట అందులో లేదు. చేపలమ్మే ముదిరాజు ఆడవాళ్ళు లేరు. బతుకమ్మ ఘాటు మాత్రం ఉంది, గ్రానైటుతో. చాకలి ఐలమ్మ జయంతిని ప్రభుత్వమే జరుపుతోంది, 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆమె మాటలు చదివి పెరిగినవాళ్ళం మనం. నాకూ ఆ పేరు చూస్తే గర్వమే. కానీ ఒక ఊళ్ళో పదిహేడు బండలకు పట్టికలో చోటు లేనప్పుడు ఆ గర్వాన్ని ఏం చేసుకోవాలో తెలియదు.

ఈ లేకపోవడం ఇవాళ్టిది కాదు. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం వచ్చినప్పుడు నీటి సంఘాల్లో ఓటు భూమున్నవాళ్ళకూ కౌలుదార్లకూ ఇచ్చారు. నీళ్ళను ఇంకో రకంగా వాడుకునేవాళ్ళు సభ్యులే గాని ఓటు లేదు. పట్టా పేరు మీద లేని ఆడవాళ్ళు, పట్టానే లేని చాకలి, బెస్త, కుమ్మరి ఇళ్ళు కట్ట మీద నిలబడి చూసేవాళ్ళుగా మిగిలారు. అడవి సంఘాల్లో స్త్రీల గురించి బీనా అగర్వాల్ 2001లో రాసిన వ్యాసం ఒకటుంది. భాగస్వామ్యం పేరు మీదే బయటపెట్టడం ఎలా జరుగుతుందో అందులో చూపిస్తారు. అది క్లాసులో చెప్పినప్పుడు నాకు అడవే గుర్తొచ్చింది, చెరువు రాలేదు. చెప్పానుగా, నేను రేవుకు పోవడం మానేసినదాన్ని.

పెద్ద పెద్ద కన్సల్టెంట్లు, పెద్ద డబ్బు వచ్చిన చోట ఏమైందో హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా ముక్కుకు తెలుస్తుంది. హుసేన్‌సాగర్ ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలం నాటిది, ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చింది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నాలుగూ అందులోకే. జీడిమెట్ల, బాలానగర్ ఫ్యాక్టరీల నీళ్ళు కూకట్‌పల్లి నాలాలో కలిసేవి. 1990ల మొదట్లో నడిమధ్య బుద్ధుడిని నిలబెట్టాం, చుట్టూ పార్కులు వేశాం. 2006లో జపాన్ రుణంతో సాగర్ పరీవాహక ప్రాంత అభివృద్ధి పథకం మొదలైంది. శుద్ధి కేంద్రాలు, మళ్ళింపు కాలవలు, పూడికతీత అన్నీ చేశారు. ఎండాకాలపు పలచటి మురుగును మళ్ళించడం వీలైంది గాని వాన పడితే నాలా పొంగి మళ్ళీ సాగర్లోకే. 2015లో మొత్తం ఖాళీ చేసి కడుగుతామన్నారు, జరగలేదు. ఈ చెరువుల వెనక ఏళ్ళుగా పడి తిరిగినవాళ్ళలో ఇద్దరి పేర్లు మన పాఠకులకు తెలిసే ఉంటాయి - 'సేవ్ అవర్ అర్బన్ లేక్స్' జస్వీన్ జైరత్, లుబ్నా సర్వత్. ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడ, బఫర్ ఎక్కడ అని వాళ్ళు అడిగీ అడిగీ ఆ మాటలు మామూలు జనం నోళ్ళలో పడ్డాయి.

అందుకే నేనూ ఒక లెక్క వేశాను. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళివ్వాలన్నది కేంద్రం పెట్టిన ప్రమాణం. అందులో 80 శాతం మురుగై తిరిగొస్తుందని ఇంజనీర్లే లెక్కేస్తారు. పదివేల మంది ఉండే నాలుగు వార్డుల మోరి చెరువులో పడితే రోజుకు 10 లక్షల 80 వేల లీటర్లు. అందులో ఆ పదివేల మంది ఇళ్ళల్లో మిషన్లలో తిరిగిన సర్ఫు నీళ్ళూ ఉన్నాయి. రేవులో ఇవాళ మిగిలినవి ఆరు బండలు. మిషన్లొచ్చాక ఊరి మైలంతా ఇంటి గోడల మధ్యే ఉతుకుతున్నారు. మా వాళ్ళకు మిగిలింది లాడ్జీల దుప్పట్లు, ఫంక్షన్ హాళ్ళ గుడ్డలు, ఆస్పత్రుల బెడ్‌షీట్లు. ఆరుగురు ఆడవాళ్ళ సబ్బునురగ మొదటి వరస, పదివేల మంది ఇళ్ళ గొట్టాలు అయిదో వరస. స్నానానికి పనికొచ్చే నీళ్ళంటే బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు, ప్రాణవాయువు 5కు తగ్గకూడదు. మా చెరువు నమూనాల్లో మోరి దగ్గర తీసినదే అన్నిటికన్నా అధ్వాన్నమని రిపోర్టు చివరి అనుబంధంలో వాళ్ళే వేసుకున్నారు. ఎవరూ చదవని పేజీలో.

సంప్రదింపుల సభ పొద్దున పదకొండింటికి పెట్టారు. రేవుకు అదే ఉతుకు వేళ. హాల్లో వాకర్స్ సంఘం పెద్దమనుషులు, కౌన్సిలర్ల భర్తలు, ఇద్దరు విలేకర్లు. ఆడవాళ్ళం ముగ్గురం - నేను, టీ తెచ్చిన అమ్మాయి, కన్సల్టెంట్ల తరఫున వచ్చిన ఒక పర్యావరణ ఇంజనీరు. పాతికేళ్ళుంటాయేమో. స్లైడ్లు మార్చింది ఆమె, మాట్లాడింది ఆమె పై ఆఫీసరు. నేను లేచి పదహారో పేజీ గురించి అడిగాను. "మేడమ్, దోభీలకు ప్రత్యామ్నాయం తర్వాత చూస్తాం, ముందు చెరువు క్లీన్ కావాలి కదా" అన్నాడాయన. హాలంతా తలూపింది. పక్కన కూర్చున్నాయన మర్యాదగానే అన్నాడు, "మీరు చదువుకున్నోళ్ళు, మీరే ఇట్లంటే ఎట్ల?"

ఆ చదువుకున్నోళ్ళు అన్న మాట దగ్గర నోరు పెగల్లేదు. మా అమ్మ అక్కడే ఉతికింది అని చెప్తే సరిపోయేది. చెప్పలేదు. అరవై దాటాక కూడా.

సభ అయ్యాక ఆ పిల్ల నా వెనకే మెట్లు దిగింది. "మోరి విషయం నేను డ్రాఫ్టులో ఫస్టే పెట్టాను మేడమ్. డైవర్షన్ టీఓఆర్‌లో లేదు, బడ్జెట్ దాటుతుందని వెనక్కి పంపారు" అంది. నాకు కోపం పోయింది. నాతో రమ్మన్నాను. ఆటోలో ఇద్దరం రేవుకు వెళ్ళాం.

చిన్నమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది. "ఏంది బిడ్డా, ఇన్నేండ్లకు దారి తప్పినవా?" అంది. నాకు మాట రాలేదు. ఆ పిల్లే బండ మీద కూర్చుని అడగడం మొదలుపెట్టింది. మోరి ఎప్పుడు ఎక్కువొస్తది? పొద్దున ఏడింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి. రంగు? ఐతారం మాత్రం ఎర్రగ, కోళ్ళ దుకాణాలవి. చేతులకు దురద ఎన్నేళ్ళ సంది? కొత్త కాలనీ మోరి కలిపిన ఏటి నుంచి. ఎండాకాలం? "ఎనుకట చెరువు ఎండుతుండె, ఎండితె ఒండు తీసి చేన్లకు కొట్టుకపోతుండ్రి, అడుగు తేట అయితుండె. గిప్పుడు కాల్వ నీల్లొచ్చి ఎండుడే లేదు, ఒండు తీసుడే లేదు." చెరువు ఎండడం కూడా ఒక శుద్ధి అని, కృష్ణ నీళ్ళొచ్చాక ఆ శుద్ధి ఆగిందని రిపోర్టులో ఎక్కడా లేదు. ఆ పిల్ల ఫోన్లో టకటకా రాసుకుంది. తర్వాత నా చెవి దగ్గరకొచ్చి "మేడమ్, ఇక్కడ బాత్రూమ్ ఎక్కడ?" అంది. నమూనాలు తీసిన మూడు రోజులూ పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా బిగబట్టుకుని పడవలో కూర్చుందట. చిన్నమ్మ నవ్వి, చీర అడ్డం పట్టుకుని తుమ్మచెట్ల వెనక్కి తీసుకుపోయింది. డీపీఆర్‌లో టాయిలెట్లు పార్కింగు పక్కనే ఉన్నాయి, రేవుకు అర కిలోమీటరు దూరాన.

అనువాదం పూర్తిచేసి ఇచ్చాను. వాషింగ్ యాక్టివిటీని 'చాకిరేవు' అని రాశాను, 'ఆరు కుటుంబాల జీవనాధారం' అని పక్కన చేర్చాను. అనువాదకురాలు మాట చేర్చవచ్చా అని మీలో కొందరు అడుగుతారు. అడగండి. రేవులో విన్నదంతా, నా మురుగు లెక్కతో సహా, రెండు పేజీలుగా రాసి సంతకం పెట్టి జతచేశాను. సంతకం కింద ఫలానా కళాశాల విశ్రాంత ఉపన్యాసకురాలు అని రాసి, కొట్టేసి, ఫలానా రేవు చాకలామె బిడ్డ అని రాశాను. చేయి వణికింది.

ఏం జరిగిందంటే, మోరి అయిదో వరస నుంచి రెండుకొచ్చింది. టాయిలెట్లు ఇంకో జత తూము వైపు వేశారు, అది ఆ పిల్ల పనే అనుకుంటాను. రేవుకు బదులు అలుగు దిగువన బోరు, తొట్లు, షెడ్డుతో దోభీఘాటు కడతామని రాశారు. ట్రాకూ లైట్లూ వచ్చేశాయి, మోరి పని సగంలో ఆగింది, దోభీఘాటు జాగాకు ముగ్గు పోసి ఉంది. చిన్నమ్మ వాళ్ళు ఇప్పుడు చేను బావి దగ్గర అద్దె కట్టి ఉతుకుతున్నారు. దోభీఘాట్లకు 250 యూనిట్ల ఉచిత కరెంటు ఇస్తామని 2021లో ఉత్తర్వులొచ్చాయి, ఘాటే లేనిచోట మీటరు ఎక్కడ పెడతారు.

నాకు షుగరుంది. డాక్టరు రోజూ నలభై నిమిషాలు నడవమన్నారు. ఆ ట్రాకు మీదే నడుస్తున్నాను. సాయంత్రం లైట్ల కింద ఎంతమంది ఆడవాళ్ళో. బురఖాలో ఇద్దరు ముగ్గురు, చుడీదార్ల మీద బూట్లేసుకున్న టీచర్లు, కోడలితో వచ్చిన అత్తలు. చీకటిపడ్డాక ఆడది ఊరికే తిరిగే చోటు ఈ ఊళ్ళో ఇదివరకెక్కడా లేదు. నడుస్తుంటే నాకు బాగుంటుంది. ఆ బాగుండటం అబద్ధం కాదు, ఎవరి చోటు మీద బాగుంటోందో తెలియకా కాదు.

పోయిన నెల ట్రాకు మలుపులో పూలమడి చుట్టూ వరసగా బండలు పాతి ఉండటం చూశాను. సున్నం కొట్టారు. ఒకటి మధ్యలో గుంటపడి ఉంది. వంగి చేత్తో తడిమాను, వెనక నడిచేవాళ్ళు ఏమైందమ్మా అని ఆగారు. మర్నాడు చిన్నమ్మను తీసుకుపోయి చూపించాను. ఆమె చెప్పు విడిచి కాలితో ఒకసారి రాసి చూసింది.

"ఇది మనది కాదు బిడ్డా. మనది ఇంకా నున్నగుండె" అంది. తర్వాతి బండ వైపు నడిచింది.